నలభై వంటిళ్ళు

శనివారం ఆట అయిపోయాక
స్టేడియం దీపాలు వరసకొకటిగా ఆర్పుకుంటూ వస్తాడు వర్జిల్.
చివరి వరస మాత్రం నాకోసం ఉంచుతాడు.
గెలిచినా ఓడినా గడ్డి మీద ఓ చుట్టు నడుస్తానని తెలుసు.
గెలిచిన రాత్రి కాస్త తొందరగా అలిసిపోతాను,
ఎందుకో.

ఇరవై ఆరేళ్ళు.
స్కోర్లు అడక్కండి, గుర్తుండవు.
నాలుగో క్వార్టర్లో, పదకొండు సెకన్లుండగా,
బూటు లేసు కట్టుకోడానికి వంగిన
ఓర్విల్ స్టెన్‌గార్డ్ మెడ మీద ఆవిరి గుర్తుంది.
నెబ్రాస్కా నవంబరులో మనుషులు
అప్పుడే దించిన ఎసరు కుండల్లా ఉంటారు.
వాడు ఆ బంతి పట్టాడో లేదో మాత్రం చెప్పలేను.

నా అసలు ఉద్యోగం మైదానంలో కాదు, వంటిళ్ళలో.
చలికాలమంతా
కారు వెనక ఇస్త్రీ చొక్కా వేలాడేసుకుని
మొక్కజొన్న మోళ్ళ మధ్య నాలుగొందల మైళ్ళు,
ఓ పదిహేడేళ్ళ కుర్రాడి భుజాల కోసం.
అరచెయ్యి చాపమంటాను. టేపు పెట్టి కొలుస్తాను.
మా నాన్న పశువుల వేలంలో కోడెల పళ్ళు చూసేవాడు.
ఆయనకీ నాకూ తేడా,
నేను టై కట్టుకుంటాను.

తల్లి ఆపిల్ పై ముక్క పెడుతుంది.
తండ్రి, ఉంటే, గోడకానుకుని నా బూట్లు చూస్తాడు.
అప్పుడంటాను: "మీవాడు నాకు కొడుకులాంటివాడు."
నలభై వంటిళ్ళలో అన్నాను.
అన్న ప్రతిసారీ మనసారా అన్నాను.
అదే నా జబ్బు.

సాల్ట్ లేక్ పడమటి వీధిలో, ఆసుపత్రి దుప్పట్లుతికే ఓఫా మొఆలా
స్కాలర్‌షిప్ ఎంతని అడగలేదు,
వీణ్ణి టీవీలో చూపిస్తారా అని అడగలేదు.
చామాకులో చుట్టి కొబ్బరిపాలతో ఉడికించిన మాంసం
నా ముందు పెట్టి ఒక్కటే అడిగింది:
"దెబ్బ తగిలిన రాత్రి మావాడి పక్కన ఎవరు కూర్చుంటారు?"
"నేనే" అన్నాను.
మిగిలిన కూర డబ్బాలో సర్దిచ్చి,
"డబ్బా తిరిగివ్వాలి సుమా" అంది.

రెండో ఏడు, సీజను ఆఖరి ఆట.
ఫెలేటి పడ్డప్పుడు చప్పుడేమీ రాలేదు.
తన మోకాలి వంక
ఎవరో మర్చిపోయిన వస్తువుని చూసినట్టు చూశాడు.
ఆరున్నరకి నా విమానం.
ఒమాహాలో ఇంకో వంటిల్లు, మూడు కాలేజీలు కన్నేసిన క్వార్టర్‌బ్యాక్.
జేబులో ఫోన్ మూడుసార్లు వణికింది.
నేను టేపు పట్టుకుని ఉన్నాను.

ఆ రాత్రి ఆసుపత్రిలో కూర్చున్నది వర్జిల్.
దీపాలార్పి తిన్నగా వెళ్ళాడట.
టోపీ ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా.
ఫెలేటి ఏ స్థానంలో ఆడతాడో కూడా తెలీదు వర్జిల్‌కి,
స్విచ్చుల గదికి కిటికీ లేదు.

క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు, ఒక్క సీజను ఆడాడు,
పెద్ద కాలేజీ పిలిస్తే చెప్పకుండా పోయాడు.
తప్పు పట్టను. ఏ వంటింట్లోనో
ఎవరో వాణ్ణి కొడుకనే ఉంటారు.

ఫెలేటి ఇప్పుడు వెల్డింగ్ నేర్పుతున్నాడని విన్నాను.
పెళ్ళికార్డు వర్జిల్‌కి వచ్చింది.
డబ్బా నా ఆఫీసులోనే ఉంది, అందులో ఈలలు వేస్తాను.
తిరిగివ్వడమెంతసేపు,
పోస్టులో పంపితే మూడు రోజులు.
కానీ ఖాళీ డబ్బా ఇవ్వకూడదంటారు కదా,
అందులో ఏం పెట్టాలో తేలక ఏడేళ్ళు.

రేపు మళ్ళీ ప్రయాణం. చొక్కా కార్లోనే ఉంది.
ఈసారి ఆ మాట అనకూడదనుకుంటాను.
అంటాను.

ముప్ఫై యార్డుల గీత దగ్గర ఏదో మెరిసింది.
వంగి తీశాను:
ఎవరిదో మౌత్‌గార్డ్, మంచుకి బిగుసుకుని.
పళ్ళ గుర్తులు దీపానికెత్తి చాలాసేపు చూశాను.
ఎవరివో పోల్చుకోలేకపోయాను.
మా నాన్నయితే వయసైనా చెప్పేవాడు.